డిస్కు పేరు కమల

జూన్ 9, సోమవారం

ఇది ఎవరికీ చూపించడానికి కాదు. ఇంట్లో మాట్లాడే మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను. గోడలతో ఎంతసేపని మాట్లాడతాను, అందుకని రాస్తున్నాను.

ఏప్రిల్‌లో ఈయనకి పక్షవాతం వచ్చింది. కుడి కాలు దారికొచ్చింది, కుడి చెయ్యి సగం వచ్చింది. మాటే రాలేదు. అన్నీ అర్థమవుతాయి. పేపరు చదువుతారు, టీవీలో ఎవరైనా తప్పుగా మాట్లాడితే మొహం చిట్లిస్తారు. నోట్లోంచి మాత్రం రెండే మాటలు వస్తాయి: అరె భాయ్. నీళ్లు కావాలన్నా అరె భాయ్, ఫ్యాన్ ఆపమన్నా అరె భాయ్, నన్ను పిలవాలన్నా అరె భాయ్. పాతికేళ్లు కాపురం చేసి చివరికి భాయ్‌ని అయ్యాను.

అమీర్‌పేట మైత్రీవనంలో ఈయన కంప్యూటర్ హార్డ్‌వేర్ క్లాసు చెబుతుంటే పక్క గదిలో జావా చెప్పే ఆయన తలుపులు వేసుకునేవాడు. అంత గొంతు. నేను కాకినాడ నుంచి వచ్చి ఆ క్లాసులోనే రెండో వరసలో కూర్చున్నాను. ఈయనది సిరిసిల్ల. నేను 'ఏంటి' అంటే ఈయన 'ఏంది' అని వెక్కిరించేవారు, ఈయన 'గట్ల' అంటే నేను నవ్వేదాన్ని. ఆ గొంతు వినే పెళ్లి చేసుకున్నానేమో కూడా.

డాక్టరు ఒకటే చెప్పారు. రావాల్సిన మాట చాలావరకు మొదటి ఆరు నెలల్లోనే వస్తుందట, ఆ తర్వాత వచ్చేది తక్కువట. అంటే అక్టోబర్. నాకు ఈయన మాట కావాలి. ఇంకేమీ అక్కర్లేదు.

జూన్ 10, మంగళవారం

సోమాజిగూడ ఆసుపత్రికి వెళ్లొచ్చాం. మాట నేర్పే అమ్మాయి పేరు నిరోష. చిన్నపిల్ల, మా అమ్మాయి హరిణి కంటే రెండేళ్లు పెద్దదేమో. చెంచా బొమ్మ చూపించి "ఇదేంది సార్?" అని అడిగింది. ఈయన "చ... చ..." అన్నారు.

"చెంచా," అన్నాను నేను.

ఆ పిల్ల నా వంక చూసి, "మేడం, సార్‌ను జర చెప్పనియ్యండి," అంది. "ప్రశ్న అడిగినంక మీరు మనసుల పది దాకా లెక్కపెట్టుకోండి."

నేనేమీ తొందర పెట్టలేదు. ఆయన అవస్థ చూడలేక అందించాను, అంతే. పంజాగుట్టలో డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఫోన్లు ఎత్తే ఉద్యోగం నాది. అవతలివాళ్లు నోరు తెరిచేసరికే వాళ్లకి షుగర్ టెస్టు కావాలో థైరాయిడ్ కావాలో నాకు తెలిసిపోతుంది. ఆగుతూ కూర్చుంటే పనులవుతాయా.

జూన్ 15, ఆదివారం

ఇవాళ వింత జరిగింది.

హాల్లో మూలన ఈయన పాత కంప్యూటర్ ఉంది, పైన నా పాత చీర కప్పి. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు వేరే అంతస్తుకి మారేటప్పుడు తుక్కు కింద పడేయబోతే ఆటోలో వేసుకుని తెచ్చారు. హరిణి ఉయ్యాల పెట్టుకోవాల్సిన మూల అది. ఎంత గొడవ పడ్డానో అప్పట్లో. ఇనప్పెట్టె అంత బరువు, ఇప్పటి ఫోనులో నాలుగు ఫోటోలు తీస్తే నిండిపోయేంత డిస్కు. ఏం చేసుకోవడానికి అంటే "ఉండనీ" అనేవారు. ప్రతి ఆదివారం టిఫిన్ అయ్యాక చీర తీసి, కాసేపు ఆన్ చేసి, దాని ముందు ఊరికే కూర్చునేవారు. "తిప్పకపోతే డిస్కు అతుక్కపోతది" అని సాకు.

ఇవాళ చూస్తే ఎడమ చేత్తో ఆ చీర లాగుతున్నారు. "అరె భాయ్, అరె భాయ్" అని దాన్నే చూపిస్తున్నారు. ఏప్రిల్ నుంచి ఎవరూ దాన్ని ముట్టలేదు. సరే కదా అని మీట నొక్కాను.

లోపల ఏదో నిద్రలేచినట్టు చిన్న మూలుగు. తర్వాత సన్నటి ఈల మొదలై, పైకి పైకి పోయి, ఒకచోట నిలబడిపోయింది. బయట వాన పట్టుకుంది. కిటికీ అవతల మెట్రో వెళ్తుంటే దాని కిటికీల వెలుతురు మా గోడ మీద ఒకదాని వెనక ఒకటి జారుకుంటూ పోయింది. తెర మీద పసుపు అక్షరాలు తీరుబడిగా వచ్చాయి. టిక్. కాసేపాగి మళ్లీ టిక్. ఈయన భుజాలు కిందికి దిగాయి. ఏప్రిల్ నుంచి ఆ భుజాలు అలా దిగడం నేను చూడలేదు. గదంతా నీళ్లలో మునిగినట్టు అనిపించింది నాకు, మేమిద్దరం అడుగున కూర్చున్నట్టు.

డిస్కులో ఏముందో చూద్దామని కమాండ్ కొట్టాను. మొదటి వరసలోనే డిస్కు పేరు వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో: కమల.

నా పేరు. ఇన్నేళ్లు రోజుకి ఆరు గంటలు మాట్లాడిన మనిషి, డిస్కుకి నా పేరు పెట్టుకున్నానని ఒక్కసారి చెప్పలేదు.

హరిణి పూణే నుంచి ఫోన్ చేస్తే అదే చెప్పాను. "మీ నాన్న రొమాంటిక్ అని నీకు తెలుసా?" అన్నాను. పక్కనుంచి ఈయన చెయ్యి పైకెత్తి "అ... అరె... అరె భాయ్..." అని ఏదో చెప్పబోయారు, తల అడ్డంగా ఊపుతూ.

"సిగ్గుపడుతున్నారు," అన్నాను. హరిణి నవ్వింది.

జూన్ 16, సోమవారం

కమల. ఆఫీసులో రోజంతా అదే తలపు. ఎవరికో మలేరియా టెస్టు బదులు గర్భం టెస్టు రాశాను.

జూన్ 22, ఆదివారం

నాకు అర్థమైంది. ఆ డిస్కులో ఈయనకి కావాల్సినది ఏదో ఉంది. అందుకే దాన్ని చూపిస్తున్నారు. అది బయటికి తీసి కళ్ల ముందు పెడితే మాట దానంతట అదే వస్తుంది. నిరోష కూడా అంది కదా, సార్‌కి ఇష్టమైన వాటి గురించి మాట్లాడించమని.

చిక్కేమిటంటే అది చచ్చేంత నెమ్మది. ఒక్కో ఫైలు రావడానికి యుగం పడుతోంది. పాతదై పోయింది, కాసేపు పనిచేసేసరికి వేడెక్కి ఈల స్వరం మారుతుంది, ఇక చదవలేనని మొండికేస్తుంది. చల్లారేదాకా ఆపాలి. కొంచెం వేగంగా చదివితే వేడెక్కేలోపే అన్నీ లాగేసుకోవచ్చు. కాబట్టి ముందు దాని నెమ్మదికి మందు వెయ్యాలి. నేనూ హార్డ్‌వేర్ కోర్సు చేసినదాన్నే.

జూన్ 24, మంగళవారం

కేబుళ్లు పీకి తుడిచి మళ్లీ పెట్టాను. అంతే నెమ్మది.

నిరోష దగ్గర ఇవాళ కూడా ఏమీ రాలేదు. నేను తొందర పెట్టలేదు.

జూన్ 29, ఆదివారం

దుమ్ము ఊదాను. చదివినదాన్ని దాచుకునే చోటు పెంచాను. చెల్లాచెదురుగా ఉన్న ఫైళ్లని ఒక వరసలోకి సర్దించాను, దానికే సాయంత్రమైంది. అంతే నెమ్మది. మొండిఘటం.

హరిణి ఫోన్. "నాన్నా ఎలా ఉన్నారు?" అంది. "బాగున్నారు, ఇడ్లీ మూడు తిన్నారు," అన్నాను. "నిద్ర పడుతోందా నాన్నా?" అంది. పడుతోందన్నాను. ఫోన్ పెట్టేశాక చూస్తే ఈయన నోరు ఇంకా కొద్దిగా తెరిచే ఉంది.

జూలై 6, ఆదివారం

వంశీధర్ వచ్చాడు. ఈయన దగ్గర చదువుకున్నవాళ్లలో ఇప్పటికీ ఫోన్ చేసేది అతనొక్కడే. గచ్చిబౌలిలో పెద్ద ఉద్యోగం, తలలో సగం నెరిసింది, ఈయన ముందు మాత్రం ఇంకా కుర్చీ అంచునే కూర్చుంటాడు. ఈయన అతన్ని చూసి మొహమంతా విప్పారించి "అరె భాయ్" అన్నారు. అతను రెండు మాటలు మాట్లాడి, ఫోన్ వచ్చిందని బాల్కనీలోకి పోయాడు. ఫోనేమీ రాలేదు. కళ్లు తుడుచుకుని వచ్చాడు.

పాత మెషీన్లకి ఇప్పటి మెమరీ కార్డు తగిలించే చిన్న బోర్డు ఒకటి తెప్పించి తెచ్చాడు. పెట్టె విప్పి బిగించాడు. ఇక డిస్కులోంచి కార్డులోకి తీసుకోవడమే.

"మేడం, గీ మెషీన్ నాకు యాదికుంది," అన్నాడు. "సార్ దీన్ని ఎవ్వర్నీ ముట్టనియ్యకపోతుండె. మిగతా మెషీన్లన్నీ మేం ఫార్మాట్ కొట్టి కొట్టి ఖరాబు చేసినం. దీని కాడికి వస్తే చాలు, దూరం జరుగు భాయ్ అంటుండె."

"నా పేరు పెట్టుకున్నారు కదా," అన్నాను. వంశీధర్ తెర వంక చూసి, సార్ వంక చూసి, చాయ్ తాగాడు.

జూలై 13, ఆదివారం

కొన్ని ఫైళ్లు వచ్చాయి. హాజరు పట్టికలు. తెర మీద చూపించి "ఇదేనా?" అన్నాను. తల అడ్డంగా ఊపారు. "మరి ఇదా? ఇదా? ప్రశ్నపత్రాలా? చెస్ ఆటా?" అన్నాను. ఊపుతూనే ఉన్నారు. చివరికి కళ్లు మూసుకున్నారు. అలసిపోయారు పాపం.

అది కాకపోతే ఇంకేదో ఉంటుంది. ఇంకా సగం డిస్కు ఉంది.

జూలై 22, మంగళవారం

నిరోష నన్ను బయట కూర్చోమంది. మర్యాదగానే అంది. బెంచీ మీద కూర్చుని తలుపు వంక చూస్తూ ఉన్నాను. కాసేపటికి వచ్చి, "సార్ చాయ్ అన్నరు మేడం," అని నవ్వుతూ చెప్పింది. నా ఎదుట కాదు, నేను లేనప్పుడు. సంతోషమే. ఎందుకు సంతోషంగా ఉండను.

ఇంటికొచ్చి చాయ్ పెట్టి "ఏం కావాలండీ?" అన్నాను. "అరె భాయ్," అన్నారు.

ఆగస్టు 3, ఆదివారం

వంశీధర్ మళ్లీ వచ్చాడు. ల్యాప్‌టాప్‌లో ఎక్కడివో వేగం కొలిచే పాత ప్రోగ్రాములు తెచ్చి నడిపించి చూశాడు. ఒకటి నడిపి చూసి, తల గోక్కుని, పెద్దగా నవ్వాడు.

"మేడం, డిస్కు స్లో లేదు. మంచిగనే తిరుగుతుంది. దాని మీద అంతా గడులు గడులుగ రాసి ఉంటది. ఒక గడి చదివి లోపల పెట్టుకునేటాల్లకు పక్క గడి దాటిపోతుంది. మల్ల అది రావాలంటే చక్రం మొత్తం తిరిగి రావాలె. ఒక్కో గడికి ఒక్కో చుట్టు."

నా మొహం ఖాళీగా కనిపించిందేమో, ఇంకా చెప్పాడు. "సార్ క్లాసుల చెప్తుండె కదా మేడం. బంతిల కూసున్నవనుకో. అన్నం పెట్టి పోయిండు. నువ్వు కలుపుకుంటున్నవ్, గంతల పప్పు పట్టుకున్నాయన ముంగల్నుంచి పోయిండు. నోట్ల ముద్ద ఉంది, పిలవనీకి రాదు. ఇంగ ఆయన బంతంతా తిరిగి మల్ల నీ కాడికి వచ్చేదాంక వట్టి ఇస్తరి ముందర కూసోవాలె. తినేటోడు స్లో కాదు. వడ్డించేటోడే జర ఎడం ఇయ్యాలె."

ఈయన ఎడమ చెయ్యి ఎత్తి గాల్లో చుట్టు తిప్పి చూపించారు. బంతి తిరిగే వడ్డన మనిషి. క్లాసులో ఇలాగే తిప్పేవారు. నాకు ఆ చెయ్యి గుర్తుంది.

డిస్కుని మొట్టమొదట ఫార్మాట్ చేసేటప్పుడు గడుల మధ్య ఎడం ఎంత ఉండాలని అది అడుగుతుందట. ఈ మెషీన్‌కి నాలుగో ఐదో కొట్టాలి. ఎవరో ఒకటి అని కొట్టారు. ఒకటి అంటే ఎడమే లేనట్టు.

"అప్పట్ల అమీర్‌పేట మొత్తం గదే కొట్టేది మేడం. జిరాక్స్ మెటీరియల్‌ల అట్లనే ఉండె. ఒకటి అంటే ఫాస్టని అనుకునేటోళ్లం. నేను సుత కొట్టిన. డిస్కు మీద నా పేరే ఉండె, తప్పించుకోరాదు. సార్ బోర్డు కాడ నిలబెట్టి తిట్టిండు."

"మరి దీన్ని ఈయన ఎందుకు సరిచేసుకోలేదు?" అన్నాను.

"అదే సమజైతలేదు. సరిచెయ్యాలంటే మల్ల ఫార్మాట్ కొట్టాలె, ఉన్నదంతా పోతది. అందుకేమో."

"ఎవడో బుద్ధిలేనివాడు ఒకటి కొట్టి చక్కా పోయాడు. ఇన్నేళ్లకి నేను అనుభవిస్తున్నాను," అన్నాను.

ఈయన నవ్వారు. మూతి ఒక పక్కకే తిరుగుతుంది ఇప్పుడు, అయినా కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. "అరె భాయ్, అరె భాయ్" అంటూ ఎడమ చేత్తో నా భుజం మీద తట్టారు. నా మాట ఒప్పుకున్నారన్నమాట.

ఆగస్టు 4, సోమవారం

అన్నీ బయటికి తీసేదాకా ఫార్మాట్ కుదరదు. ఉన్నదంతా నెమ్మదిగానే తీసుకోవాలి. కొంచెం తీయడం, చల్లారనివ్వడం, మళ్లీ కొంచెం.

ఆగస్టు 6, బుధవారం

మధ్యాహ్నం ఆఫీసు నుంచి వచ్చి, డిస్కు నడుస్తుంటే దాని పక్కనే చాప మీద ఒరిగాను. ఈయన కుర్చీలో. వాన లేదు, ఎండా లేదు. ఈల వింటూ కళ్లు మూతపడ్డాయి.

పెద్ద బంతి. అరిటాకులు వరసగా, ఆ వరసకి చివర కనిపించలేదు. అది గుండ్రంగా తిరిగి ఎక్కడికో పోతోంది, మెట్రో స్తంభాల కింద నుంచి, మైత్రీవనం ముందు నుంచి, పసుపు వెలుతురులోంచి. వడ్డించేది నేను. చేతిలో గిన్నె ఉంది, అందులో ఏముందో తెలియదు, బరువుగా ఉంది. నడవట్లేదు, జారుతున్నాను. కూర్చున్నవాళ్లలో ఈయన ఒక్కరే నాకు తెలిసినవారు. ఆకు ముందు ఎడమ చెయ్యి ఎత్తి "అ..." అన్నారు. నేను విన్నాను. విని కూడా దాటిపోయాను. కాళ్లు ఆగలేదు. మళ్లీ బంతంతా తిరిగి వచ్చేసరికి చెయ్యి ఎత్తే ఉంది. మళ్లీ "అ..." మళ్లీ దాటిపోయాను. ఎన్ని చుట్లు తిరిగానో. ప్రతిసారీ ఆకు ఖాళీగా ఉంది. ఆయన మొహంలో కోపం లేదు. అదే నన్ను ఏడిపించింది.

లేచేసరికి చెంపలు తడిగా ఉన్నాయి. డిస్కు ఇంకా చదువుతోంది. ఈయన నన్నే చూస్తున్నారు. "అ..." అన్నారు.

ఏమన్నా కావాలా, నీళ్లా, ఫ్యానా, ఇవన్నీ నాలిక మీదికి వచ్చాయి. కొంగు నోట్లో కుక్కుకున్నాను. నిజంగానే కుక్కుకున్నాను. డిస్కు టిక్ అంది. ఊరుకున్నాను. టిక్ అంది. ఊరుకున్నాను.

"ఏ... డ్చి... నవ్," అన్నారు.

అవును, ఏడ్చాను. అవునని కూడా అనలేదు, తలూపాను.

ఆగస్టు 7, గురువారం

ఏడ్చినవ్. ఏడ్చినవ్. ఏడ్చినవ్. ఆఫీసులో కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నాను. మా మేనేజర్ ఎవరు పోయారని అడిగింది.

ఆగస్టు 12, మంగళవారం

రెండు నెలలు ఆగుతున్నాననే అనుకున్నాను. నిరోష చెప్పింది నిజమే. నేను పది లెక్కపెట్టేదాన్ని, కానీ ఒక్క గుక్కలో. అదేం ఆగడం.

ఇప్పుడు అంకెలు లెక్కపెట్టడం మానేశాను. ఆ పెట్టె ఆన్ చేసి పెడతాను. ఒక మాట అడిగి, దాని చప్పుడు వింటాను. నాకు చేతకానిది అదే చేస్తుంది.

ఆగస్టు 27, బుధవారం

వినాయక చవితి. కింద మైకులో పాటలు. "ఉండ్రాళ్లు ఎలా ఉన్నాయి?" అని అడిగి, విన్నాను. రెండు మెట్రోలు అటూ ఇటూ పోయాయి. గోడ మీద వెలుతురు పోయింది, వచ్చింది.

"ఉప్పు... లేదు," అన్నారు.

నిజంగానే లేదు. ఇంత సంతోషంగా నా వంటని ఎవరూ తిట్టలేదు.

సెప్టెంబర్ 5, శుక్రవారం

ఒక్కోరోజు ఏమీ రాదు. ఇవాళ ఏమీ రాలేదు. అరె భాయ్ కూడా రాలేదు. భయమేసింది. డాక్టరు చెప్పిన ఆరు నెలలు దగ్గరికొస్తున్నాయి. ఈయన పక్కన కూర్చుని ఆ ఈల విన్నాను, అంతే.

సెప్టెంబర్ 11, గురువారం

ఫోన్‌లో ఒక పెద్దాయన. పేరు చెప్పడానికే తడుముకుంటున్నాడు. ఊరుకున్నాను. చివరికి చెప్పాడు, తనకి కాదట, భార్యకట, ఏం టెస్టో ఆవిడ చెబితే మర్చిపోయాడట. "పర్లేదు, గుర్తొచ్చినప్పుడే చెప్పండి," అన్నాను. పక్క సీటు పిల్ల నాకు జ్వరమేమోనని చూసింది.

సెప్టెంబర్ 25, గురువారం

ఆఖరి ఫోల్డర్ కూడా వచ్చేసింది. డిస్కులో ఉన్నదంతా ఇప్పుడు కార్డులో ఉంది. హాజరు పట్టికలు, ప్రశ్నపత్రాలు, ఒక చెస్ ఆట. అంతే. నేను వెతుకుతున్నదేదీ అందులో లేదు. జూన్ నుంచి తవ్వాను.

మరి ఈయన ఎందుకు దాన్ని చూపించారు. ప్రతి ఆదివారం దాని ముందు ఏం చూస్తూ కూర్చునేవారు.

సెప్టెంబర్ 28, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున వంశీధర్ ఫోన్ చేశాడు. "అంతా తీసుకున్నరు కదా మేడం, వచ్చే ఆదివారం నేనొచ్చి ఫార్మాట్ కొడత. ఎడం మంచిగ పెడితే మస్తు ఫాస్టయితది, సార్ ఖుషీ అయితడు," అన్నాడు. సార్‌ని అడిగి చెబుతానన్నాను. జూన్‌లో అయితే నేనే సరే అనేసేదాన్ని.

టిఫిన్ అయ్యాక చీర తీసి ఆన్ చేశాను. ఈల లేచి నిలబడింది. తెర మీద పసుపు అక్షరాల్లో నా పేరు. ఆయన పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాను.

"ఏవండీ, దీన్ని ఫార్మాట్ చేయిద్దామా? వేగం వస్తుందట," అన్నాను.

డిస్కు తిరుగుతూ ఉంది. నేను ఆయన మొహం కూడా చూడలేదు, చూస్తే అందిస్తానని. గోడ మీద మెట్రో వెలుతురు పోయింది. పక్కింట్లో కుక్కర్ కూసింది.

"వద్దు," అన్నారు.

సరే అని లేవబోయాను. ఆయన చెయ్యి నా మోచెయ్యి పట్టుకుంది. ఇంకా ఉంది అన్నమాట. కూర్చున్నాను.

"నువ్వే... కొట్టినవ్."

ఏం కొట్టాను, ఎప్పుడు కొట్టాను, ఎవర్ని కొట్టాను. పెదవి కొరుక్కున్నాను. టిక్. టిక్.

"ఒకటి."

ఎడమ చేతి చూపుడువేలు ఎత్తి చూపించారు. తర్వాత ఆ వేలిని నా పేరు మీద పెట్టారు. "పేరు... నేను... పెట్టలే. నువ్వే."

అప్పుడు గది కదిలిపోయింది. ఈ గది పోయి ఆ గది వచ్చింది. మైత్రీవనం, ప్రాక్టికల్ గది, వాన పడుతున్న మధ్యాహ్నం, ట్యూబ్‌లైటు వెలుగుతూ ఆరుతూ. ఈయన క్లాసులో ఒక పద్ధతి ఉండేది. ఎవరు ఫార్మాట్ చేస్తే డిస్కుకి వాళ్ల పేరే పెట్టాలి, తర్వాత ఎవర్ని తిట్టాలో తెలియడానికి. నా వంతు వచ్చింది. అది ఎడం ఎంత అని అడిగింది. ఒకటైతే వేగం అని చేతిలో ఉన్న జిరాక్స్ చెప్పింది, చెప్పకపోయినా నేను ఒకటే కొట్టేదాన్ని. నా పేరు పెట్టాను. ఈయన వెనక నుంచి వచ్చి నిలబడ్డారు. ఇంకెవరైనా అయితే బోర్డు దగ్గర నిలబెట్టి బంతి భోజనం కథ మొదలయ్యేది. ఈయన తెర చూశారు, నన్ను చూశారు, ఏమీ అనకుండా పక్క మెషీన్ దగ్గరికి పోయారు. మొత్తం బ్యాచ్‌లో నేనొక్కదాన్నే తిట్లు తినలేదు. నేనొక్కదాన్నే సరిగ్గా చేశానని అనుకున్నాను. ఇరవై ఏడేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. ఆ మెషీన్ ఇదేనని, ఆ పేరు నేనే పెట్టానని మాత్రం మర్చిపోయాను.

బుద్ధిలేనివాడెవడో అన్నాను కదా. అందుకా ఆ నవ్వు.

ఇన్నేళ్లు ఆ పెట్టె మీద ఇంకెవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. ఫార్మాట్ ఎలా సరిచెయ్యాలో ఊరందరికీ నేర్పిన మనిషి దీన్ని మాత్రం సరిచెయ్యలేదు. ఒక్కో గడికి ఒక్కో చుట్టు తిరగనిచ్చారు.

"ఎందుకు తిట్టలేదు నన్ను?" అని అడిగాను.

అడిగి ఊరుకున్నాను. ఈసారి కష్టం కాలేదు. నేను ఇక్కడా ఉన్నాను, ఆ గదిలో రెండో వరసలోనూ ఉన్నాను. ఈల అదే ఎత్తులో సాగుతోంది. ఆయన పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి. ఒక మాట దొరికింది, జారిపోయింది. పోనీ. మళ్లీ తిరిగొస్తుంది. మెట్రో ఒకటి అటు పోయింది. ఇంకొకటి ఇటు వచ్చింది.

"తిడితే..."

నేను కదల్లేదు.

"తిడితే... మల్ల... క్లాసుకు... రావేమో... అనుకున్న."

మాటలు వరదలా వచ్చిన రోజుల్లో చెప్పని మాట ఇది. ఆయన ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాను. ఎడమ చెయ్యి నా తల మీద పెట్టి, చాలాసేపటికి, "అరె భాయ్," అన్నారు.

సెప్టెంబర్ 29, సోమవారం

వంశీధర్‌కి ఫోన్ చేసి ఫార్మాట్ వద్దని చెప్పాను. ఎందుకని అడిగాడు. సార్‌ని అడుగు, నెమ్మదిగా చెబుతారు, అన్నాను.

అక్టోబర్ 5, ఆదివారం

హరిణి ఫోన్. "నాన్న ఎలా ఉన్నారు?" అంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆయన ముందు బల్ల మీద ఉంచాను. "నాన్ననే అడుగు. అడిగి ఊరుకో," అని చెప్పి, బాల్కనీలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాను.

ఆరు నెలలూ అయిపోతున్నాయి. డాక్టరు ఏమంటారో తెలియదు. ఇంకెంత వస్తుందో తెలియదు. నాకు ఇప్పటికీ ఆయన మాట అంతా కావాలి, మొత్తం, ఆ పాత గొంతుతో సహా. ఆ ఆశ పోలేదు.

లోపల డిస్కు ఈల వినిపిస్తోంది. దాని వెనక ఆయన గొంతు. "మీ... అమ్మ..." అన్నారు. హరిణి ఏమీ అనలేదు. మంచి పిల్ల. చాలాసేపటికి, "ఒకటి..." అన్నారు.

నేను ఇంత రాసేశాను. ఆయన ఇంకా చెబుతున్నారు.